ఆపకూడని పెట్టె

జమ్మలమడుగులో సెల్‌ఫోన్ షాపు నడిపే నాసిర్‌ను పట్టపగలు, నడిరోడ్డు మీద, నంబరు ప్లేటు లేని టిప్పర్ గుద్ది చంపింది. ఊరంతా యాక్సిడెంట్ అనుకుంది. సీక్రెట్ ఏజెంట్ జోయల్ అనుకోలేదు. నాసిర్ అతని ఇన్‌ఫార్మర్. చనిపోయే ముందు పంపిన వాయిస్ మెసేజ్ ఇంకా జోయల్ ఫోన్లోనే ఉంది.

"అన్నా, ఆ దొంగ స్ట్రీమింగ్ బాక్సు ఒకటి ఇప్పి చూసినా. పైకి సినిమాలే. లోపల మాత్రం ఇంట్లో వైఫై మీద ఏముంటే దాన్నంతా తొంగి చూస్తాండాది. లోపం ఒకటే. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మళ్లా లేయదు. మిగతాది కలిసినప్పుడు చెప్తా."

కలవలేదు. నాసిర్ భార్య మాబున్ని కళ్లలో తడి కూడా లేదు. "మా ఇంటాయన పేరు వాళ్లకు ఎవురు చెప్పినారన్నా?" అని ఒక్కటే అడిగింది. జవాబు తెస్తానని మాటిచ్చి జోయల్ పులివెందుల బస్సెక్కాడు.

పులివెందులలో ఏజెన్సీ ఆఫీసుకు బోర్డు లేదు. ఒక చీనీకాయల మండీ వెనక గది అది. గుమాస్తా తలెత్తకుండానే ఏం కావాలన్నాడు.

"బత్తాయిలున్నాయా?" అన్నాడు జోయల్.

తలుపు తెరుచుకుంది. ఆ ఊళ్లో చీనీకాయను బత్తాయి అనేవాడు ఉండడు కాబట్టి, పొరపాటున కూడా ఎవరి నోటా రాని కోడ్‌వర్డ్ అది.

లోపల చీఫ్ వెంకటరమణ ఒక ఫోటో ముందుకు తోశాడు. మనిషి మంచివాడే గానీ నవ్వి చాలా కాలమైంది.

"చెన్నకేశవ. కలమల్ల దగ్గర థర్మల్ ప్లాంటులో కంట్రోల్ రూమ్ ఇంజనీరు. కాపురం ప్రొద్దుటూరు. ఇంటినుంచే ల్యాప్‌టాప్‌తో ప్లాంటు సిస్టమ్‌లోకి లాగిన్ అవుతాడు. విదేశీ ముఠాకు కావలసింది ఆ లాగినే."

"దొరికితే?"

"బాయిలర్ సేఫ్టీ సిస్టమ్ ఆపేస్తారు. షిఫ్టులో ఉన్నవాళ్లు ఎంతమంది బయటికొస్తారో చెప్పలేను."

చెన్నకేశవ టీవీకి కొత్త స్ట్రీమింగ్ బాక్సు కొనే ఆలోచనలో ఉన్నాడట. ముఠా బాక్సు ఈ సాయంత్రమే అతని ఇంటికి చేరుతుంది. తీసుకుపోయేది లహరి. ముఠాలో ఏజెన్సీ పెట్టిన మనిషి ఆమె. దారిలో బాక్సు మార్చేసి మంచిది పెడతాననీ, మార్చాక ఆ ఇంట్లో మంచినీళ్లు అడుగుతాననీ, అదే గుర్తనీ కబురు పంపింది. ఇంజనీరును ముందే హెచ్చరించవచ్చు కదా అంటే చీఫ్ తల అడ్డంగా ఊపాడు. ముఠా ఇంకో ఇంజనీరు ఇల్లు వెతుక్కుంటుంది, మనకు తెలిసింది ఈ ఒక్క ఇల్లే అన్నాడు.

జోయల్‌కు మాట మింగుడుపడలేదు. లహరికి పని నేర్పింది అతనే. సొంత చెల్లెల్లా చూసుకున్నాడు. అయినా నాసిర్ పేరు తెలిసింది ముగ్గురికే. చీఫ్, తను, లహరి.

"సార్, మార్చకపోతే?"

"మార్చిందో లేదో చూడటమే నీ పని." చీఫ్ ఒక చేతి వాచీ ఇచ్చాడు. ముఠా సిగ్నల్ తగిలితే అది మణికట్టు మీద రెండుసార్లు అదురుతుంది.

ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులోని ఆ ఇంటికి జోయల్ నెరిసిన మీసం అతికించుకుని, టీవీ షాపు సేల్స్‌మన్‌గా, సంచిలో ఒక మంచి బాక్సుతో చేరాడు. లహరి అప్పటికే సోఫాలో ఉంది. నీలం కుర్తీ, తల మీదికి తోసిన నల్లకళ్లద్దాలు, గదంతా నిండిన సెంటు. అతన్ని చూసి ఒక్క క్షణం ఆగింది. మీసం ఎవరిని మోసం చేసినా ఆమెను చేయదని ఇద్దరికీ తెలుసు.

ఆమె పక్కన చెన్నకేశవ తల్లి లక్ష్మీనరసమ్మ. గొర్రెలు మేపి కొడుకును ఇంజనీరును చేసిన మనిషి. రెండు బాక్సులనూ చేతిలోకి తీసుకుని, సంతలో గొర్రె పళ్లు చూసినట్టు అన్ని వైపులా తిప్పి చూసింది. జోయల్ తన బాక్సు గురించి ఉన్నదున్నట్టు చెప్పాడు. పేరున్న యాప్‌లే వస్తాయి, చందాలు విడిగా కట్టుకోవాలి, టీవీ ఎంత పాతదైనా హెచ్‌డీఎమ్‌ఐ సందు ఉంటే చాలు. లహరి మాత్రం ప్రపంచంలోని చానళ్లన్నీ జీవితాంతం ఉచితమంది. ఉచితమన్నాక జోయల్ బాక్సు వైపు చూసేదెవరు? చెన్నకేశవ లహరి బాక్సు పెట్టమన్నాడు. వైఫై పాస్‌వర్డ్ తనే కొట్టి, ప్లాంటు పని ఉందంటూ పక్క గదిలోకి పోయి ల్యాప్‌టాప్ తెరిచాడు.

టీవీ మీద ఒక గీత మొదలైంది. కింద 'అప్‌డేట్ అవుతోంది' అని అక్షరాలు.

"కాసిని మంచినీళ్లు ఇస్తారా అమ్మా?" అంది లహరి.

బాక్సు మార్చానని గుర్తు. జోయల్ ఊపిరి పీల్చుకోబోయాడు. సరిగ్గా అప్పుడే వాచీ అదిరింది. రెండుసార్లు.

లక్ష్మీనరసమ్మ తెచ్చిన నీళ్లు తాగి, లహరి తీయగా చెప్పింది. "ఈ బాక్సు స్విచ్ మాత్రం ఎప్పుడూ ఆపకండి అమ్మా."

జోయల్‌కు ఇక అనుమానం మిగల్లేదు, బాధే మిగిలింది. గీత సగం దాటింది. అది నిండితే బాక్సు కళ్లు తెరుస్తుంది. పక్క గదిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. అతను వైరు సరిచేస్తానంటూ లేచాడు. లహరి ఒళ్లోని హ్యాండ్‌బ్యాగు మెల్లగా లక్ష్మీనరసమ్మ డొక్క వైపు తిరిగింది. దాని మూతలోంచి పిస్టల్ గొట్టం అతనికి మాత్రమే కనబడింది.

"వైర్లు ముట్టుకోకండి. షాక్ కొడుతుంది," అంది లహరి నవ్వుతూ.

జోయల్ కూర్చున్నాడు. గీత నిండబోతోంది. అతని కళ్లు గదంతా తిరిగి, ముసలామె భుజం పక్కనే గోడకున్న స్విచ్‌బోర్డు మీద ఆగాయి. జమ్మలమడుగులో తన అవ్వ గుర్తొచ్చింది. గదిలోంచి కాలు బయట పెట్టేలోపు ఫ్యానూ లైటూ టీవీ స్విచ్చూ అన్నీ ఆపందే కదిలేది కాదు. ఈ వైపు ఏ ఇంట్లోనైనా అంతే. లహరి పెరిగింది నగరంలో, రాత్రంతా బోర్డులో ఎర్రలైట్లు వెలిగే అపార్ట్‌మెంట్లలో.

ఓడిపోయినట్టు తల వంచి జోయల్ అన్నాడు. "మేడమ్ చెప్పింది నిజమే అవ్వా. ఆ పెట్టె రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉండల్ల. ఎవురు చూసినా చూడకపోయినా కరెంటు తాగతానే ఉంటాది."

"ఏందీ? చూడకపోయినా తాగుతాదా?"

లహరికి ఆ మాట అర్థమయ్యేలోపే ముసలామె చెయ్యి బోర్డు మీద పడింది. టక్. తొంభై తొమ్మిది శాతం దగ్గర టీవీ నల్లబడింది.

లహరి చూపు స్విచ్ వైపు తిరిగిన ఆ అరక్షణం చాలు. జోయల్ టీపాయ్‌ను తన్ని ఆమె మీదికి దూకాడు. పిస్టల్ పేలి పైకప్పు సున్నం రాలింది. చెన్నకేశవ పరుగెత్తుకొచ్చేసరికి లహరి చేతులు హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో కట్టేసి ఉన్నాయి. జోయల్ తన గుర్తింపు కార్డు చూపించి, ముందు ల్యాప్‌టాప్ మూసేయమన్నాడు.

తర్వాత లహరి వైపు తిరిగాడు. "నాసిర్ పేరు ఇచ్చింది నువ్వేనా?"

"ముందు సాక్షిని తప్పించాలని నేర్పింది మీరే కదా సార్."

మాబున్నికి చెప్పాల్సిన జవాబు దొరికింది. దాన్ని మోసుకుపోవడం మాత్రం తేలిక కాదు.

చీనీకాయల లారీలో మనుషులొచ్చి లహరిని తీసుకుపోయారు. లక్ష్మీనరసమ్మ చచ్చిన పెట్టె స్విచ్ మళ్లీ వేసి చూసింది. లేవలేదు. నాసిర్ చెప్పిందే నిజమైంది.

ఆమె జోయల్ సంచి వైపు చూసింది. "అప్పా, నీ పెట్టె ఆపితే మళ్లా లేస్తాదా?"

"లేస్తాది అవ్వా."

"అయితే అదే పెట్టు."

చీఫ్ ఫోన్ చేసి రిపోర్టు అడిగితే, కాస్త ఆగమన్నాడు జోయల్. ప్లాంటును కాపాడటానికి ఒక్క టక్ సరిపోయింది గానీ, ఆ ఇంటి వైఫై పాస్‌వర్డ్‌ను రిమోట్‌తో ఒక్కో అక్షరం కొడుతుంటే మూడోసారి కూడా తప్పే పడింది.