పట్టాల మీద ఆగే బండి

మిట్టమధ్యాహ్నం!

మనిషి నీడ సైతం భయపడి పాదాల కింద దాక్కునే వేళ... అర్ధరాత్రి కంటే క్రూరమైన వేళ! చూస్తుండగానే ఆకాశాన్ని కారుమేఘం కమ్మేసింది. గాలి ఊపిరి బిగబట్టింది. కాపలా లేని రైల్వే గేటు పక్కన, పాడుబడ్డ కాపలా గది చూరులోంచి... పట్టపగలు... ఒక గుడ్లగూబ కూసింది!

సరిగ్గా అప్పుడే, రెండు పట్టాల నడుమ, ఒక నర్సు నడుపుతున్న మోటార్‌సైకిల్ ఆగిపోయింది.

దగ్గలేదు, వణకలేదు. ఎవరో ఊది దీపం ఆర్పినట్టు... టక్కున!

"అమ్మా, బండి అలిగిందా?" వెనక కూర్చున్న కూతురు చిట్టి అడిగింది. అది వాళ్ల నాన్న మాట. బండి మొరాయిస్తే చాలు, "దీన్ని బతిమాలాలి, కొత్తల్లుడి టైపు" అనేవాడు.

నర్సు కిక్ కొట్టింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ కొట్టింది. కాలి కింద పట్టా సన్నగా జుమ్మంది. దూరంగా మలుపులో రైలు కూత!

"దిగు! పరిగెత్తు చిట్టీ!" పాపను అవతలికి నెట్టి, హ్యాండిల్ మీద పడి ప్రాణమంతా పెట్టి తోసింది. బండి పల్లంలోకి దొర్లడం, వీపును వేడిగాలి చరుస్తూ రైలు దూసుకుపోవడం ఒక్కసారే జరిగాయి.

రొప్పుతూ లేచి, బండిని నిలబెట్టి, ఊరికే కిక్‌ను తాకింది. మొదటి దెబ్బకే ఇంజను అందుకుంది... ఏ పాపమూ ఎరగనట్టు!

రెండేళ్ల కిందట ఇదే చోట, ఇదే బండి మీద, రైలు గుద్ది ఆమె భర్త చనిపోయాడు. అతను ఛిద్రమైపోయాడు గానీ బండికి ఒక్క అద్దమే పగిలింది. అమ్మేయమని లోకమంతా పోరింది. భర్త అన్నగారు మాత్రం, "నీ దగ్గరుంటే వాడున్నట్టేనమ్మా" అని తన చేత్తోనే బాగుచేసి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. ఆయన పేరుమోసిన బండి మేస్త్రీ. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి భుజాల మీద పెంచినవాడు. నర్సుకు ఆయన మాట వేదం.

అందుకే ఆ రోజూ నేరుగా ఆయన షెడ్డుకే వెళ్లింది.

"ప్లగ్గు మసిబారింది, అంతే," అన్నాడు మేస్త్రీ. కొత్తది బిగించి, చిట్టి తల నిమిరాడు. ఎందుకో ఆ చెయ్యి కొంచెం వణికింది.

నాలుగు రోజులు బండి గుర్రంలా నడిచింది. తర్వాత... మళ్లీ పట్టాల మీదే... టక్కున! ఈసారి కార్బొరేటర్ విప్పి కడిగాడు. మళ్లీ ఆగింది. ట్యాంకు మూతకున్న గాలి కన్నం పూడిపోయిందన్నాడు. మళ్లీ ఆగింది. పెట్రోలు పైపు మార్చాడు, వైర్లు మార్చాడు. ప్రతిసారీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "ఇక ఢోకా లేదమ్మా" అనేవాడు. ప్రతిసారీ ఆమె నమ్మింది. అన్నం పెట్టిన చెయ్యిని ఎవరనుమానిస్తారు?

కానీ ఆమె నర్సు. వచ్చిపోయే జ్వరాలను ఏళ్ల తరబడి చూసిన మనిషి. అలాంటి జ్వరానికి మందు కంటే ముందు ఒక ప్రశ్న వెయ్యాలి: ఎప్పుడొస్తోంది?

ఒకరోజు సెలవు పెట్టి, రైలు లేని వేళ చూసుకుని, చిట్టిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది. ఒంటరిగా పట్టాలు దాటింది. ఆగలేదు. ఇంజను బాగా కాగాక దాటింది. ఆగలేదు. బరువు వల్లనేమోనని చిట్టి అంత తూగే ఇసుక బస్తా వెనక కట్టి దాటింది... ఆగలేదు!

అప్పుడు గట్టు మీద ఆడుకుంటున్న పాపను పిలిచి వెనక కూర్చోబెట్టుకుంది. ముందు చక్రం మొదటి పట్టాను తాకీ తాకగానే...

ఇంజను చచ్చిపోయింది!

"దిగు చిట్టీ." దిగింది. కిక్ కొడితే అందుకుంది. "ఎక్కు." ఎక్కింది... ఆగిపోయింది! "దిగు." అందుకుంది!

ఏ ప్లగ్గుకు తెలుసు, వెనక కూర్చున్నది ఇసుకో, పసిపిల్లో? ఏ కార్బొరేటర్‌కు కళ్లున్నాయి?

ఇంటికొచ్చి, సీటు ఊడదీసి, ట్యాంకు ఎత్తింది. దాని కడుపు కింద, నిప్పురవ్వను పుట్టించే కాయిల్ వెనకాల, నల్లగుడ్డ మూట ఒకటి జలగలా అంటుకుని ఉంది! విప్పింది. ఎముక ముక్క... ముడివేసిన వెంట్రుకలు... ఎండిన నెత్తురు... వాటి మధ్య బియ్యపుగింజంత తెల్లటి పన్ను!

"అది నాదే!" అంది చిట్టి సంబరంగా. "ఊడిపోతే పెదనాన్న దాచిపెడతానని తీసుకున్నాడు!"

నర్సు చెయ్యి ఇంకా లోపలికి పెట్టి వెతికింది. కాయిల్ అడుగున మరో మూట ఉంది. పాతది, వేడికి మాడిపోయినది. అందులో ఒక సన్నని ఉంగరం. చనిపోయే ముందు, "ఎక్కడో పారేసుకున్నానే, తిట్టకు" అని భర్త దొంగమొహం వేసుకుని చెప్పిన ఉంగరం!

భర్త శవం మీద పడి తనకంటే ఎక్కువ ఏడ్చాడే ఆ మనిషి! పాడె లేపనివ్వకుండా పట్టుకున్నాడే!

పారిపోవాలనిపించలేదు. అడగాలనిపించింది. మొహం మీద అడగాలి!

సాయంత్రానికి ఆకాశం విరుచుకుపడింది. రెండు మూటలూ సంచిలో వేసుకుని, ట్యాంకు తిరిగి బిగించి, పాపతో మేస్త్రీ ఇంటికి వెళ్లింది. వరండాలో తోడికోడలు బియ్యం ఏరుతోంది. పిల్లల్లేని ఆవిడకు చిట్టి అంటే పంచప్రాణాలు.

"అక్కా, పాపను చూస్తూండు. బావగారితో మాట్లాడాలి."

తోడికోడలి చేతిలో చేట వణికింది. "ఇప్పుడెందుకే చెల్లీ... రేపు రాకూడదూ?"

నర్సు వినిపించుకోలేదు. పెరటి షెడ్డు తలుపు తోసింది. తోసి, కొయ్యబారిపోయింది!

విప్పేసిన ఇంజన్ల నడుమ రక్తవర్ణపు ముగ్గు! ముగ్గు మధ్యన మానవ కపాలం! దాని నిండా నల్లటి ఇంజనాయిలు... అందులో తేలుతూ జ్వలిస్తున్న వత్తి! ఎదుట, అర్ధనిమీలిత నేత్రాలతో, భీకరమైన బీజాక్షరాలు గొణుగుతూ... మేస్త్రీ!

ఆమె ఉంగరాన్ని అతని ముందుకు విసిరింది. ఒక్క మాటే వచ్చింది.

"ఎందుకు బావగారూ?"

మేస్త్రీ తొణకలేదు. రెండు చేతులూ ఎత్తి చూపించాడు. గాలికి ఊగే ఆకుల్లా అవి వణుకుతున్నాయి.

"చూశావా? స్పానర్ పట్టుకోలేక, అన్నం కలుపుకోలేక ఏడ్చాను. ఏ డాక్టరూ బాగుచెయ్యలేదు. ఈ కపాలంలో కూర్చున్న తల్లి చేసింది! ఇంటి నెత్తురు అడిగింది... ఇచ్చాను. రెండేళ్లు రాయిలా నిలిచాయి నా చేతులు! మళ్లీ ఆకలంటోంది..."

"వాడు నిన్ను నాన్నలా చూశాడు!"

"అందుకేనమ్మా! అక్కర్లేనివాణ్ణి ఇస్తే అది పుచ్చుకోదు. ప్రేమించినవాణ్ణే ఇవ్వాలి." అతని కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ అసహ్యం పుట్టింది.

ఫెళఫెళార్భాటంతో పిడుగు పడింది. కపాలంలోని జ్వాల నీలంగా మారింది. "ఈ సాయంత్రం రైలే... ఈ రైలే ముహూర్తం!" అని గర్జిస్తూ మేస్త్రీ ఆమెను పక్కకు తోసి వరండాలోకి ఉరికాడు. నర్సు వెనకే పరిగెత్తుకొచ్చేలోపు చిట్టిని ఎత్తి, వాకిట్లోని ఆమె బండి ట్యాంకు మీద కుదేసి, తానెక్కి, కిక్ కొట్టాడు.

ఇంజను పలకలేదు!

మళ్లీ... మళ్లీ... మళ్లీ! వేల బండ్లను ఒక్క దెబ్బకు లేపిన కాలు అది! ముచ్చెమటలు పోస్తున్నాయి. ఎంత కొట్టినా బండి శిలలా నిలిచిపోయింది.

"అన్నయ్యా..."

తోడికోడలు లేచి నిలబడింది. జుట్టు విరబోసుకుంది, కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి. ఆ గొంతు మాత్రం ఆడదానిది కాదు! చనిపోయిన తమ్ముడి గొంతు!

"అన్నయ్యా... పాపను దించు."

మేస్త్రీ మొహంలో రక్తం ఇంకిపోయింది. పట్టు సడలింది. చిట్టి జారిపడి, పరిగెత్తుకొచ్చి తల్లిని చుట్టేసుకుంది.

"ఉంగరం అడిగితే ఇచ్చాను. ప్రాణం అడిగినా ఇచ్చేవాణ్ణి... చెప్పి తీసుకోవాల్సింది అన్నయ్యా! పాప జోలికి మాత్రం ఎందుకొచ్చావ్?"

మరుక్షణం... ఎవరూ తాకకుండానే ఇంజను భగ్గుమంది! ఆకాశం ఉరిమిందో, బండి ఉరిమిందో తెలియలేదు. మేస్త్రీ తాళం తిప్పాడు, ఆగలేదు. తాళం ఊడబెరికి ప్లగ్గు వైరు పీకేశాడు... ఆగలేదు! నిప్పురవ్వ లేని ఇంజను ప్రళయకాల రుద్రుడిలా గర్జిస్తోంది! దూకబోయాడు. కానీ మళ్లీ హ్యాండిల్‌ను పట్టిన చేతులు ఊడి రాలేదు. నెత్తురు పోసి తెచ్చుకున్న ఆ చేతులు ఇప్పుడు వణకడం లేదు... ఉక్కులా బిగుసుకుపోయాయి!

"వదులు! తమ్ముడూ, వదిలెయ్‌రా! నిన్ను పెంచిన చెయ్యిరా ఇది!"

బండి ఒక్క ఉదుటున పెరట్లోకి తిరిగి షెడ్డులోకి దూకింది. చక్రం కింద కపాలం పగిలి వికృతంగా కేక పెట్టింది. వత్తి తుళ్లి పెట్రోలు డబ్బాల మీద పడింది. అగ్నిజ్వాలలు పైకప్పును నాకాయి. ఆ మంటల్లో ఒక ఆర్తనాదం చాలాసేపు వినిపించి... ఆగిపోయింది.

కుండపోతగా వాన కురిసింది. షెడ్డు పొగలు కక్కుతూ చల్లారింది. తోడికోడలు మెట్ల మీద స్పృహ తప్పి పడి ఉంది. నర్సు ఆవిడ మొహం మీద నీళ్లు చల్లి, నాడి చూసి, లేపి కూర్చోబెట్టింది. ఆ ఇంట్లో తనకు మిగిలిన ఒక్క మనిషి! కావలించుకుని ఏడవబోయింది... చేట వణికిన సంగతి గుర్తొచ్చింది. రేపు రమ్మన్న మాట గుర్తొచ్చింది.

"అక్కా... నీకు ముందే తెలుసా?"

తోడికోడలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"మీ మరిది సంగతి తెలుసా?"

"మరిది పోయాక తెలిసిందే. చెబితే నా మొగుణ్ణి నేనే చంపుకున్నట్టవుతుందని..."

"మరి పాప సంగతి?"

తోడికోడలు చిట్టి వంక చూసింది. తల దించుకుంది.

"పద చిట్టీ," అంది నర్సు.

"పెద్దమ్మ ఏడుస్తోంది అమ్మా!" పాప ఆవిడ కొంగును గుప్పిట పట్టుకుంది. నర్సు ఒంగి ఒక్కో వేలూ విడదీసి, పాపను ఎత్తుకుంది. ఇన్నేళ్లూ ఏ కష్టమొచ్చినా పరిగెత్తుకొచ్చి చెప్పుకున్న గుమ్మం అదొక్కటే. ఆ గుమ్మం దిగి, ఈ కష్టం ఎవరికి చెప్పుకోవాలో తోచక, వీధిలో వానలో చాలాసేపు అలాగే నిలబడిపోయింది.