నాలుగో నిమ్మకాయ

శాలిబండ దాటి నాలుగడుగులు వేస్తే ఎడమచేతి సందులో ఒక పాత దేవిడీ ఉండేది. నవాబు పోయి, జాగీర్లు పోయి, ఆ ఇంట్లో మిగిలినవి రెండే. కప్పు కింద పావురాలు, మోటారుఖానాలో రేసుకార్లు. పావురాలకోసం ఎవరూ రాలేదు గానీ కార్లు చూస్తామని అప్పుడప్పుడూ జనం వచ్చేవారు. నవాబు కొడుకు మోటారుఖానాకు సున్నం కొట్టించి, 'మోటారు రేసుల మ్యూజియం' అని బోర్డు కట్టించాడు. బోర్డు కట్టించగానే తన పని అయిపోయిందనుకున్నాడు.

దాన్ని చూసుకునే ఉద్యోగం రఘునాథ్‌ది. పంతొమ్మిది వందల యాభై ఐదులో హైదరాబాదులో రేసులంటే మలక్‌పేట గుర్రాలే. అయినా మోటారు పిచ్చివాళ్ళు కొందరుండేవారు. లారీ మెకానిక్కులు, టాక్సీ డ్రైవర్లు, కాలేజీ కుర్రాళ్ళు ఆదివారం ఆదివారం వచ్చేవారు. వచ్చి ఏం చూస్తారు? కార్ల చుట్టూ గొలుసులు, గొలుసుల మీద ఇంగ్లీషు అట్టలు, అట్టల మీద నిజాం కాలపు ఫసలీ లెక్కలో సంవత్సరాలు. '1338లో గెలిచిన కారు' అన్న అట్ట చదివి ఒక డ్రైవరు, "కాకతీయుల కాలంల కారేంది భాయ్!" అని పగలబడి నవ్వాడు. రఘునాథ్‌కు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజే పట్టుబట్టాడు. గొలుసులు తీయించాడు. అట్టలన్నీ తెలుగులో, ఉర్దూలో, మామూలు సంవత్సరాలతో తిరిగి రాశాడు. రేసు నడిచిన దారిని గోడ మీద రంగులతో గీయించాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఎర్ర రంగు ఏడో నంబరు కారులో పక్క సీటు మీద జనాన్ని కూర్చోనివ్వాలనుకున్నాడు. ఇన్‌ఛార్జిగా ఉండి అంత సాహసం చేసినవాడు ఆ దేవిడీలో అంతకుముందు లేడు.

పక్క సీటుకు ఒక కథ ఉంది. ఆ కాలపు రేసుకారులో పెట్రోలు దానంతటది ఇంజనుకు చేరదు. డ్రైవరు పక్కన ఒక మనిషి కూర్చుని ఇత్తడి పంపు కొడుతూనే ఉండాలి. పంపు కొడితే ట్యాంకులో గాలి నిండి పెట్రోలును ముందుకు తోస్తుంది. ఆపితే బండి అరమైలు కూడా పోదు. మరి ఏడో నంబరు పాత అట్ట మీద ఏముంది? 'నవాబు సాహెబు ఒంటరిగా నడిపి గెలిచిన కారు' అని. ఒంటరిగా ఎట్లా నడుస్తుంది? రఘునాథ్ ఈ మాట మైసయ్యను అడిగాడు.

మైసయ్య ఆ మోటారుఖానాలో ముప్పై ఏళ్ళుగా ఉన్న మెకానిక్కు. కార్వాన్‌లో ఇల్లు, అరవై దాటిన వయసు, తోమితోమి ఇత్తడి రంగుకే తిరిగిన చేతులు. మూడు రోజులు అడిగినా పలకలేదు. నాలుగో రోజు చేతిలో గుడ్డ ఆపి, "నా తమ్ముడు సారూ. బాలనర్సింహ. రేసులనే పాణం పోయింది" అన్నాడు. అంతే, మళ్ళీ తోముకున్నాడు.

"పేరు రాస్త మైసన్నా. అట్ట మీద పేరు ఉంటది."

మైసయ్య ఆ నూనె గుడ్డతోనే ముఖం తుడుచుకున్నాడు. తమ్ముడు పోయిన ఈ ఇరవై ఆరేళ్ళలో ఆ పేరును ఆ ఇంట్లో ఎవరూ పలకలేదని రఘునాథ్‌కు అప్పుడు అర్థమైంది. ఎట్లాగైనా రాయాలనుకున్నాడు, రాశాడు కూడా. 'పక్క సీటులో పంపు కొట్టినవాడు బాలనర్సింహ, కార్వాన్ వాసి. ఈ రేసులోనే చనిపోయాడు.' అట్ట కారు ముందు నిలబెట్టాడు.

ఆదివారం పదింటికి కొత్త మ్యూజియం తెరవాలి. శనివారం మధ్యాహ్నం మైసయ్య ఇస్త్రీ చొక్కా తెచ్చుకుంటానని కార్వాన్ పోయాడు. బయట వాన మొదలైంది. రఘునాథ్‌కు ఒక్క కోరిక మిగిలింది. జనానికి రేసు నాటి పొద్దు, పూజ చేసి బండిని పంపే పొద్దు, కళ్ళకు కట్టాలి. మీరాలం మండిలో బంతిపూల దండ, నాలుగు నిమ్మకాయలు కొన్నాడు. దండ బానెట్టు మీద వేశాడు. నిమ్మకాయలకు కుంకుమ పెట్టి నాలుగు చక్రాల ముందు ఒక్కొక్కటి ఆనించాడు. ఒకదానికి తొడిమతో పాటు పచ్చటి ఆకు ఉంది. అది చూడముచ్చటగా ఉందని పక్క సీటు వైపు, ఎడమ వెనక చక్రం ముందు పెట్టాడు.

బండికి పూజ చేసి నిమ్మకాయలు పెడితే వాటిని తొక్కించుకుంటూ బండి ముందుకు పోవాలని, అప్పటికిగాని పూజ పూర్తి కాదని రఘునాథ్‌కు తెలియక కాదు. ఇది జనం చూడ్డానికి పెట్టిన పూజ గదా అనుకున్నాడు. చక్రాలు తుప్పు పట్టి బిగుసుకుపోయిన బండి. ఆరుగురు తోసినా అంగుళం కదల్లేదు. అది ఎక్కడికి పోతుంది?

మైసయ్య తలరుమాలుతో సహా నిలువునా తడిసి వచ్చాడు. చొక్కా ఉన్న కాగితం పొట్లాన్ని మాత్రం పొట్టకు అదుముకున్నాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంది సారూ గిది? ఎవరు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన. బాగలేదా?"

మైసయ్య చేతిలోని పొట్లం జారి నీళ్ళలో పడింది. తీసుకోలేదు. దగ్గరికి వచ్చి, కారుకు వినబడకూడదన్నంత మెల్లగా మాట్లాడాడు.

"గా పొద్దు గూడ నేనే పెట్టిన. నాలుగు. నవాబ్ సాబ్ గడియారం చూసిండు. 'యే క్యా తమాషా హై, హటావ్' అన్నడు. తొక్కియ్యనే లేదు సారూ. నేనే వంగి నాలుగూ తీసి జేబుల ఏసుకున్న. తమ్ముడు చూసిండు. ఏమనలే. 'పోయొస్త అన్నా' అన్నడు."

వాన పెరిగింది. పైన పావురాలు ఒక్కసారిగా ఊరుకున్నాయి.

"గోలకొండ అవతల మలుపుల బండిల నుంచి పడ్డడు. సాబ్ ఆపలే. ఆడికెల్లి గెలుపు జెండా నాలుగు మైళ్ళు. సారూ... పంపు ఆపితె బండి అరమైలు పోదని నువ్వే అన్నవు గద. గా నాలుగు మైళ్ళు... ఎవరు కొట్టిన్రు?"

రఘునాథ్ నవ్వబోయాడు, రాలేదు.

"వద్దనుకుంటే తీసేద్దాం మైసన్నా. దానికేముంది?"

"తీయొద్దు! తీసినందుకే గద..."

అప్పటికే రఘునాథ్ ముందు చక్రం దగ్గర వంగాడు. చెయ్యి చాచాడు. ఆగిపోయాడు. చక్రానికి ఆనించి పెట్టిన నిమ్మకాయ ఇప్పుడు చక్రం కింద ఉంది. సగం నలిగి ఉంది. రసం బండల మీద పారుతోంది.

కరెంటు పోయింది.

మోటారుఖానాకు కిటికీలు లేవు. తలుపు సందులోంచి వచ్చే వానవెలుతురే దిక్కు. ఆ చీకట్లో ముందుగా వాసన వచ్చింది. కాలిన ఆముదం వాసన. పాతకాలపు రేసు ఇంజన్లలో ఆముదమే పోసేవారని మైసయ్యే ఒకసారి చెప్పాడు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇంజనులో చుక్క నూనె లేదు.

తరవాత చప్పుడు.

కిర్ర్... టక్.

కిర్ర్... టక్.

పక్క సీటు ముందున్న ఇత్తడి పిడి కిందికి దిగుతోంది. పైకి లేస్తోంది. ఎవరూ పట్టుకోలేదు. పొద్దంతా తోమిన ఇత్తడి గనక చీకట్లోనూ మెరుస్తోంది.

"మైసన్నా... రా. బయటికి పోదాం..."

మైసయ్య బయటికి రాలేదు. కారు దగ్గరికి నడిచాడు. అతని గొంతులో భయం లేదు. అదే రఘునాథ్‌ను ఎక్కువ భయపెట్టింది.

"అలిసిపోయిండు సారూ. ఇరవై ఆరేండ్లు కొట్టిండు. రేపు గా సీట్ల ఎవరి పిల్లగాన్నో కూసోబెడ్తవు..."

పక్క సీటు మీద ఒక చెయ్యి వేసి, ఇంట్లో మంచం మీద పడుకున్నవాడిని లేపినట్టు అన్నాడు.

"తమ్మీ... జరుగు. నేను కొడత."

ఎక్కి కూర్చున్నాడు. చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

"పేరు రాసినవు గద సారూ?"

"రాసిన."

"తియ్యవు గద?"

"తియ్యను మైసన్నా. ఒట్టు."

కిర్ర్... టక్. కిర్ర్... టక్. ఈసారి వేగంగా. వాన చప్పుడు వినబడటం మానేసింది. నాలుగు వైపులా మూసిన గదిలో గాలి లేచి రఘునాథ్ ముఖాన కొట్టింది. వేడిగాలి. దుమ్ము. కళ్ళు మూసుకున్నాడు.

పట్.

ఒక నిమ్మకాయ పగిలింది.

పట్... పట్.

మూడు. రఘునాథ్ గోడకు అతుక్కుని నాలుగో దానికోసం చెవులు రిక్కించాడు. అది రాలేదు.

ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. మెల్లగా వాన మళ్ళీ వినబడింది. తడుముకుంటూ పోయి తలుపు బార్లా తెరిచాడు.

కారు ఎక్కడిదక్కడే ఉంది. మైసయ్య పక్క సీటులో ఉన్నాడు. చెయ్యి పంపు మీద, చూపు ముందుకు. నిలువునా తడిసి వచ్చిన మనిషి బట్టలు పొడిపొడిగా ఉన్నాయి. ముఖమంతా ఎర్రదుమ్ము, కనురెప్పల మీద కూడా. దారిలో ఎగిరే చిన్న పురుగులు చొక్కా ముందు భాగానికి అంటుకుని ఉన్నాయి. తలరుమాలు లేదు. గదంతా వెతికినా దొరకలేదు. ఒళ్ళు చల్లబడిపోయింది.

మూడు చక్రాల కింద నిమ్మకాయలు పచ్చడయ్యాయి. ఎడమ వెనక చక్రం కింద ఏమీ లేదు.

డాక్టరు వచ్చి గుండె ఆగిందన్నాడు. దుమ్ము సంగతి అతను అడగలేదు, రఘునాథ్ చెప్పలేదు. శవాన్ని రెక్లా బండి మీద కార్వాన్ పంపాక మ్యూజియం కార్యదర్శి విఠల్‌రావు గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. మంచివాడే, కాకపోతే నవాబు ఉప్పు తిన్నానని రోజుకు నాలుగుసార్లు చెప్పుకునేవాడు. కారు చుట్టూ తిరిగి, అట్ట ముందు ఆగి చదివాడు.

"ఏంది రఘునాథ్ గిది? సాబ్‌తోని ఇంకోడు ఉండెనా? ఆడు చచ్చిండని రాస్తవా?"

"నిజం సార్. మైసయ్య తమ్ముడు."

"నిజమైతే ఎవరికి కావాలె? పెద్ద సాబ్ పేరు ఖరాబైతది. రేపు పదింటికి జనం వస్తరు. ఇయ్యాల్టి సంగతి గూడ ఎవరికీ తెల్వద్దు." గొడుగు మొనతో అట్టను చూపించాడు. "హటావ్."

రఘునాథ్ నోరు తెరిచాడు. ఇంట్లో భార్య, ఇంకెక్కడా దొరకని ఉద్యోగం, ఇంత కష్టపడి నిలబెట్టిన మ్యూజియం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. "తీసేస్త సార్" అన్న మాట తన గొంతులోంచే వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా వంగి అట్ట తీశాడు, మడిచి జేబులో వేసుకున్నాడు. ఆ చెయ్యి జేబులో ఉండగానే మైసయ్య చెప్పిన మాట గుర్తొచ్చింది. *నేనే వంగి నాలుగూ తీసి జేబుల ఏసుకున్న.*

కొత్త అట్ట రాసి పెట్టాడు. 'నవాబు సాహెబు ఒంటరిగా నడిపి గెలిచిన కారు.' అలియాబాద్‌లోని ఇంటికి చేరి, సైకిలు లోపలి వాకిట్లో నిలబెట్టి, వీధి తలుపుకు గడియ పెట్టాడు. మూడుసార్లు లేచి గడియ చూసుకున్నాడు.

తెల్లారి వాన వెలిసింది. ఎనిమిదిన్నరకు తయారై అన్నం తిన్నాడు. పక్క సీటులో కూర్చుంటామని అప్పటికే జనం దేవిడీ ముందు నిలబడి ఉంటారు. జేబు తడిమాడు. పాత అట్ట అందులోనే ఉంది. పోగానే దాన్ని మళ్ళీ నిలబెడితే? విఠల్‌రావు ముఖం గుర్తొచ్చింది. చెయ్యి తీసేశాడు.

వాకిట్లోంచి భార్య రమాబాయి గొంతు వినబడింది.

"ఇయ్యాల దసరా గూడ కాదు. సైకిలుకు పూజెప్పుడు చేసిన్రు?"

"ఏం పూజ?"

"నిమ్మకాయ పెట్టిన్రు గద!"

రఘునాథ్ మెల్లగా వచ్చాడు. వీధి తలుపు గడియ తీసి లేదు. సైకిలు రాత్రి పెట్టిన చోటే ఉంది. ముందు చక్రానికి ఆనుకుని ఒక నిమ్మకాయ ఉంది. తొడిమకు పచ్చటి ఆకు. కుంకుమ ఇంకా తడిగా ఉంది.

తీసెయ్యాలని వంగాడు. చెయ్యి గాలిలోనే ఆగింది. తీసినందుకు ఏమయిందో విన్నాడు. సరే, తొక్కించుకుంటూ పోదామని హ్యాండిలు పట్టుకున్నాడు. తొక్కిస్తే పూజ పూర్తయినట్టే. ప్రయాణం మొదలైనట్టే. ఎక్కడికో అతనికి తెలియదు.

"పొద్దెక్కుతుంది, పోయి రాండ్రి" అని రమాబాయి లోపలికి వెళ్ళిపోయింది.

రఘునాథ్ కదల్లేదు. నిన్ననే గట్టిగా గాలి కొట్టించిన వెనక టైరు, క్యారియరు మీద ఎవరో ఎక్కి కూర్చున్నప్పుడు అణిగినట్టు, మెల్లగా నేలకు అణిగింది.