మూత వేసిందెవరు

ఆ నేలమాళిగలో ఉన్న పియానో ముందు ఆడమనిషి కూర్చోకూడదని వాద్యగాళ్లందరికీ తెలుసు.

పైన హోటలు. పది మెట్లు దిగితే కింద హాలు. జాజ్ వాయించేవాళ్లకు ఒకప్పుడు అంతకు మించిన చోటు లేదట. నలభై ఏళ్ల కిందట అక్కడ ఒకావిడ పియానో వాయించేది. ఆవిడ మొగుడిది శాక్సొఫోన్. జట్టు అతనిది, పేరు అతనిది, రికార్డుల మీద బొమ్మ కూడా అతనిదే. ఒక రాత్రి అతనికి చప్పట్లు ఆగకుండా పడ్డాయట. అది చూసి ఓర్వలేక, జనం వెళ్లిపోయాక, తాగిన మత్తులో ఆవిడ పియానో మీటల మీది మూతను తన చేతుల మీద తనే వేసుకుందట... ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. పది వేళ్లూ నుజ్జయ్యాయి. చేతులు కుళ్లి, విషం ఒంటికెక్కి నాలుగో రోజు పోయింది.

మొగుడు మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు, నాడాల బూటుతో తాళం వేస్తూ, అదే వేదిక మీద వాయించాడు. వాయిస్తూనే కుప్పకూలాడు.

ఆ తర్వాత మొదలైంది.

మొదట ఒకమ్మాయికి రెండు వేళ్లు విరిగాయి. ఇంకొకావిడకు మణికట్టు. ఆ తర్వాత వాయించినామెకు బొటనవేలు గోరు మూలంతో సహా ఊడి మీటల మీద పడింది. గాలి లేదు, ఎవరూ తాకలేదు — నిటారుగా నిలబడ్డ మూత దభీమని పడింది, అంతే. మగవాళ్లు వాయిస్తే ఏమీ కాదు. ‘చచ్చినా దాని కడుపుమంట చల్లారలేదు’ అన్నారు జనం. చివరికి హోటలు యజమాని ఆ మూతను వెనక్కి నెట్టి, రెండు పొడుగాటి మరలు దిగగొట్టించి, కదలకుండా చేశాడు.

పియానోలకు శ్రుతి చేసే ఆవిడ ఈ కథ నూరుసార్లు విని ఉంటుంది. నూటొకటోసారి కూతురి నోట విన్నప్పుడు మాత్రం ఆవిడ చేతిలో కంచం కిందపడింది.

"ఇంకెక్కడా పియానో దొరకలేదా నీ కచేరీకి?"

"దొరక్కేం. ఆవిడ వాయించింది అక్కడ కదమ్మా!"

చిన్నది ఆర్నెల్లుగా పాత రికార్డుల కుప్పల్లో పడి తవ్వుతోంది. ట్రంపెట్ ఊదిన ఒకామె ఫొటోలో ముందు వరసలోనే ఉంది, కింద పేరు లేదు. డ్రమ్స్ వాయించినామెను అట్ట మీద ‘నాయకుడి చెల్లెలు’ అని రాసి ఊరుకున్నారు. ఒకామె బేస్ వాయించిన రికార్డు లోకంలో ఒక్కటే మిగిలింది, అదీ పగుళ్లతో. జనం వినితీరాల్సిన వాళ్లు, ఎవరి చెవినా పడకుండా పోయారు. వాళ్ల పాటలన్నీ ఏర్చి, కూర్చి, రేపు సాయంత్రం ఆ హాల్లో వాయించబోతోంది. అది చిన్నదాని మొదటి కచేరీ. ఆఖరి పాట పియానో ఆవిడది — ఇన్నేళ్లూ మొగుడి పేరు మీద చెలామణీ అయిన పాట.

"ఎవరిదైతే నాకేమిటి? నీ వేళ్లు నావి. ఇరవై ఏళ్లు గోళ్లు తీసి పెంచాను."

"ఇప్పుడు నేనే తీసుకుంటున్నాలే అమ్మా."

ఇక ఆవిడకు కాలు నిలవలేదు. పిల్ల మాట వినదు. కాబట్టి ముందు తను వెళ్లి ఆ పియానో అంతు చూడాలి. పడితే ఆ మూతేదో తన చేతి మీదే పడాలి.

హోటల్లో గిన్నెల మోత ఉన్నంతసేపూ తీగ పలికేది వినపడదు. అందుకే వంటిల్లు మూసేదాకా ఆగి, పదకొండింటికి వెళ్లింది. కాపలా పెద్దాయన తాళంచెవి చేతికిచ్చి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"నేను దిగనమ్మా."

"నీకెందుకు బాబాయ్ భయం? మగవాళ్లను ఏమీ చెయ్యదంటారుగా!"

"కింద చీకటి. నేను మగాణ్ణని ఆవిడకు కనపడాలిగా?"

నవ్వుకుంటూనే దిగింది. అయిదో మెట్టు దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. కింద చలి... తడిసిన చెక్క వాసన... తిరగేసి బల్లల మీద పెట్టిన కుర్చీల కాళ్లు చీకట్లోకి పొడుచుకుని ఉన్నాయి.

దీపం వేసింది. పియానో మీటలు నొక్కింది. సగం పైకి లేవడం లేదు, బిగుసుకుపోయాయి. వాటిని బయటికి తీసి శుభ్రం చేయాలంటే మూత ఊడదీయక తప్పదు. మూత తీయాలంటే ఆ రెండు మరలూ...

ఆవిడ చాలాసేపు వాటికేసి చూసింది. అయితే సగం పని చేసి రేపు పిల్లను దాని ముందు కూర్చోబెట్టడం ఆవిడ వల్ల కాదు. స్క్రూడ్రైవర్ తీసింది. మరలు కీచుమంటూ, ఎర్రటి తుప్పు రాలుస్తూ బయటికొచ్చాయి.

మూతను ఎత్తి నేలమీద పెట్టింది. దీపం వెలుగు దాని పైభాగం మీద ఏటవాలుగా పడింది. చెక్కలో గుంటలు... అర్ధచంద్రాల్లా, లోతుగా. ఏడో, ఎనిమిదో. అవేమిటో తెలియలేదు.

మీటలు ఒక్కొక్కటే బయటికి తీసి వరసగా పరిచింది. సందుల్లో నల్లగా అట్టలు కట్టి ఉంది. గోటితో గీకితే గోధుమరంగు పొడి. వాసన చూసి గబుక్కున చెయ్యి కొంగుకు తుడుచుకుంది. నెత్తురు మరక ఎంత పాతదైనా చెక్కలోకి ఇంకి కూర్చుంటుంది. మీటల అంచులు రెండు చోట్ల నలిగి ఉన్నాయి. ఎడమ పక్క అయిదు. కుడి పక్క అయిదు.

తన రెండు చేతులూ పైకెత్తి ఆ నలుగుళ్ల మీద ఆనించింది. సరిగ్గా సరిపోయాయి.

అప్పుడు... చేతులు వెనక్కి తీయబోయి ఆగింది.

రెండు చేతులూ మీటల మీదే ఉన్నాయి. మరి మూత వేసిందెవరు?

నలభై ఏళ్లుగా ఊరంతా చెప్పుకుంటున్న కథ. ఒక్కరికీ ఈ ప్రశ్న తట్టలేదు.

మెల్లిగా తల తిప్పి నేలమీది మూతను చూసింది. ఆ అర్ధచంద్రాలు... ఇనప నాడాలు కొట్టించిన బూటు మడమలవి. మూత వేసి ఊరుకోలేదు. దాని మీదికెక్కి తొక్కాడు.

"అమ్మా!"

వెనక్కి తిరిగింది. మెట్ల మీద చిన్నది, చేతిలో టీ ఫ్లాస్కు.

"నువ్వెందుకొచ్చావే?"

"పన్నెండు దాటింది. నీకు తోడుగా వచ్చా... ఏమైందమ్మా, అలా ఉన్నావ్?"

చూపించింది. చిన్నది వంగి ఆ గుంటల్లో వేలు పెట్టి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అంది — "ఆ రాత్రి ఆవిడ మైకు పట్టుకుని ‘ఈ పాట నేను కట్టింది’ అందట. చప్పట్లు ఆవిడకే పడ్డాయట. ఆ జట్టులో బేస్ వాయించిన తాత చెప్పాడు. మిగతాది తనకు తెలీదన్నాడు."

"వెళ్లిపోదాం పద."

"మీటలన్నీ ఇలా బయట పడేసా? నువ్వా?"

నిజమే. గబగబా తుడిచి, మీటలు వరసగా పేర్చి, మూత దాని కీలుకు తగిలించి నిలబెట్టింది. ఒక మర బిగించబోతుంటే తొందరలో రెండూ జారాయి. దొర్లుకుంటూ పియానో కిందికి పోయాయి.

"నువ్వు దాన్ని ముట్టుకోకు" అని చెప్పి, టార్చి పట్టుకుని కిందికి దూరింది.

ఇక్కడే తప్పు జరిగింది. చిన్నదానికి అయిదేళ్లున్నప్పటి నుంచీ ఇంట్లో పద్ధతి ఒకటే. అమ్మ పియానో కింద పడుకుని చెవి పెట్టి వింటుంది, పిల్ల పైన మీటలు నొక్కుతుంది. ఒక మర చేతికి దొరికింది. తల పైన ఒక తీగ దానంతటదే సన్నగా పలుకుతోంది. పదిహేనేళ్ల అలవాటు ఆవిడ చేత మాట అనిపించింది —

"అమ్మడూ, ఆ మధ్యది నొక్కు."

చిన్నది కూర్చుంది. నొక్కింది. మీట తేనెలా పలికింది. ఆ తర్వాత వేళ్లు ఆగలేదు.

"ఈ పాట" అంది ఖాళీ కుర్చీలకేసి, రేపటికి సాధన చేస్తున్నట్టు, "దీన్ని కట్టింది ఆవిడ. ఆయన కాదు."

టక్...

వేదిక అవతలి చివర. చెక్క మీద ఇనుము.

టక్... టక్...

కింద నుంచి ఆవిడకు కూతురి పాదాలు కనిపిస్తున్నాయి. వాటి పక్కన ఏమీ లేదు. కానీ ఆ చోట చెక్కపలక బరువుకు కిందికి వంగింది.

"లే! చేతులు తియ్!"

ఆవిడ అరిచిన అరుపు మూత పడ్డ మోతలో కలిసిపోయింది.

పైకి లేచేసరికి నుదురు పియానో అంచుకు తగిలి చిట్లింది. కళ్లలోకి నెత్తురు. మూత కూతురి చేతుల మీద మూసుకుని ఉంది. ఎత్తబోయింది. కదల్లేదు. మనిషెవడో దాని మీద కూర్చున్నట్టు... తర్వాత అదే లేచింది, అదే పడింది. ఫెళ్లున ఎముకలు విరిగిన చప్పుడు. మళ్లీ లేచింది. మళ్లీ పడింది. ఫెళ్. ఫెళ్. చెరుకు గడలు విరిచినట్టు. ప్రతి దెబ్బకూ పక్కన ఎవరో రొప్పుతున్నారు. ఆ ఊపిరి ఆవిడ చెంపకు వెచ్చగా కొట్టింది.

"నా బిడ్డరా... వదలరా!"

శూన్యాన్ని పిడికిళ్లతో గుద్దింది. స్క్రూడ్రైవర్ కీలులోకి దూర్చి ఒళ్లంతా బరువు వేసి పెకలించింది. అది జారి అరచెయ్యి చీల్చింది. ఆగలేదు. ఇంకోసారి... ఇంకోసారి... కీలు తెగింది. మూతను రెండు చేతులా లాగి వేదిక కిందికి విసిరేసింది.

నిశ్శబ్దం.

ఊపిరి లేదు. అడుగుల చప్పుడు లేదు.

చూడాలంటే ధైర్యం చాలలేదు. కళ్లు తుడుచుకుని, చివరికి చూసింది. మీటల మీద కూతురి చేతులు. పది వేళ్లూ ఉన్నాయి. వంకర లేదు, వాపు లేదు, చిన్న గీత కూడా లేదు.

"తల్లీ... విరిగాయిగా... నా చెవులారా విన్నాను..."

చిన్నది తన చేతులకేసే చూస్తోంది. వాటిని పైకి తీయడం లేదు. తీస్తే ఎవరికో నొప్పి కలుగుతుందన్నట్టు, కదలకుండా ఉంచింది.

"నావి కాదమ్మా" అంది గుసగుసగా. "నా చేతుల మీద ఇంకో రెండు చేతులు ఉన్నాయి. ఆవిడే గట్టిగా కప్పి పట్టుకుంది... పాపం, ఒక్క వేలు కూడా మిగల్లేదు."