నత్త చంకలో బ్యాటరీ

“సొరంగంలో బాంబు. కొండ మీద ముఠా మనిషి. మధ్యాహ్నం రైలు లోపలికి రాగానే రిమోట్ నొక్కుతాడు.”

చెప్పుల కొట్టు వెనక గదిలో బాస్ బ్రీఫింగ్ అంతే.

“రైలు ఆపించండి.”

“బయల్దేరిపోయింది. మంచుకి ఫోన్ లైన్లన్నీ తెగాయి.” బాస్ చూపు తిప్పుకున్నాడు. “నడిపేది మీ చెల్లెలే.”

ఆ మాట విన్న ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో నత్త అంటారు. అడుగు తీసి అడుగు వేయడానికి అంత ఆలోచిస్తాడు. తోడు పంపిన ఏజెంట్ పేరు మెరుపు. ఎర్ర జాకెట్, ఎర్ర లిప్‌స్టిక్. హనీమూన్ జంట వేషం.

ఉదయానికి కొండ వీపు ఎక్కారు. మనిషి వెడల్పు దారి. కుడివైపు గాలికి అంచు దాటి పేరుకున్న మంచు. దాని కింద శూన్యం. బూట్ల ముళ్లు దిగనంత గట్టి ఐసు. నత్త ఆగి, వైర్‌లెస్ సెట్‌లోంచి బ్యాటరీ ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

“గుడ్డు పొదుగుతున్నావా బాబూ?”

“చలికి చచ్చిపోతుంది మేడమ్. మీది?”

“బ్యాగ్‌లో హాయిగా పడుకుంది.”

గట్టు చివర ఎవరూ లేరు. నత్త పిచ్చివాడిలా బండల వెనకంతా వెతికాడు. ఒక్క అడుగుజాడ లేదు. వెనక పిస్తోలు క్లిక్‌మంది.

“నన్ను ఇంతదూరం తెచ్చేవాడు కావాలిగా,” అంది మెరుపు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన సెట్‌నే రిమోట్‌గా మార్చుకుంది. సెట్ ఆన్ చేసి చూసింది. బల్బు వెలగలేదు. దులిపింది. ఊదింది. వెలగలేదు.

కింద లోయలో రైలు కూత.

ఆమె కళ్లు అతని చంక మీద పడ్డాయి. “ఇటు తే!”

రెండు సెట్లకీ ఒకటే సైజు బ్యాటరీ. అది పోతే రెస్క్యూ క్యాంపుకి కబురు పంపే దారీ ఉండదు. నత్త జీవితంలో మొదటిసారి ఆలోచించలేదు. వెచ్చటి బ్యాటరీని బలంకొద్దీ శూన్యంలోకి విసిరేశాడు.

“దుర్మార్గుడా!” మెరుపు తన బ్యాటరీ తీసి జాకెట్ లోపల అదుముకుంది. సొరంగం ముందు రెండు పొడుగు కూతలు. చెల్లెలి అలవాటు. మెరుపు బ్యాటరీ బిగించింది. బల్బు మినుకుమంది. ఆమె మీట మీద వేలు వేసేలోగా బల్బు ఆరిపోయింది.

నొక్కింది. మళ్లీ నొక్కింది.

కొండకి ఆవలి వైపు నుంచి రైలు కూసింది.

“నిన్ను కాల్చి దిగిపోతా!”

“ఏ దారిన?”

ఆమె వెనక్కి చూసింది. మంచు తుఫాను కమ్మేసింది. ఆకాశమేదో నేలేదో తెలియదు. వచ్చిన అడుగులన్నీ పూడిపోయాయి. పిలిస్తే పలికే దిక్కు లేదు.

నత్త తన బ్యాగ్‌లోంచి తాడు తీసి, ఒక కొస నడుముకి బిగించుకుని రెండోది ఆమె కాళ్ల దగ్గర పడేశాడు.

“పిస్తోలు లోపల పెట్టండి మేడమ్. తాడుకి రెండు చేతులూ కావాలి.”