బరువుల కాలమ్‌లో బాంబు

“పదకొండుకి పేలుతుంది,” అన్నాడు చీఫ్. “మూడు వందల పన్నెండు మందుల పెట్టెలు. ఒకదాంట్లో బాంబు. విదేశీ ముఠా దారిలోనే పెట్టె మార్చేసింది.”

ఏజెంట్ గద్ద గోడ గడియారం చూశాడు. ఉదయం పది ఇరవై. వాళ్లు నిలబడ్డది ఆసుపత్రి కింది గోడౌన్‌లో, క్లర్కు గదిలో. సరిగ్గా పైన ఆపరేషన్ థియేటర్. అందులో అతని చెల్లెలు. కాన్పు కష్టమై అప్పుడే కడుపు కోశారు. మిగతా రోగుల్ని బయటికి తరలిస్తున్నారు. ఆమెను మాత్రం కదిలించే వీల్లేదు.

“ఏ పెట్టె?”

“తెలీదు. ముఠాలో మన మనిషి నెమలి ఫ్యాక్టరీల డిస్పాచ్ లిస్టు సంపాదించింది. ఇక్కడ దించుకున్నప్పుడు తూచిన బరువులు కూడా ఉన్నాయి, అన్నీ కిలోల్లో. రెండూ కలవని పెట్టెలోనే బాంబు.”

“మరి ఎన్ని కలవలేదు?”

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. “నూట నలభై.”

ఒక్క పెట్టె జాగ్రత్తగా విప్పడానికి బాంబ్ స్క్వాడ్‌కు అయిదు నిమిషాలు పడుతుంది. గద్ద ల్యాప్‌టాప్ లాక్కున్నాడు. బరువుల కాలమ్ నిండా బోడి అంకెలు. పద్దెనిమిది, నలభై, ఎనభై ఎనిమిది.

“వీటి పక్కన యూనిట్లేవి సర్?”

“ఒక ఫ్యాక్టరీ కిలోల్లో రాసింది, ఇంకోటి పౌండ్లలో. అంతా ఒకే కాలమ్‌లో. టోటల్ రావట్లేదయ్యా! అందుకే అక్షరాలన్నీ తీసేయించి దానిమీదే సేవ్ చేయించాను. ఫైల్ నీట్‌గా ఉండాలి కదా!”

గద్దకు అరికాలి మంట నెత్తికెక్కింది. “మీ నీటు తగలెయ్య! పైన నా చెల్లెలు కడుపు కోసుకుని పడుంది సర్. మీకు టోటల్ కావాల్సొచ్చిందా?”

తలుపు తోసుకుని బకెట్‌తో స్వీపరమ్మ వచ్చింది. విగ్గు పీకి టేబుల్ మీద కొట్టింది. నెమలి! ముఠా నాయకుడు ప్రాణంగా నమ్మిన ఆ కళ్లు ఇప్పుడు నిప్పులు కక్కుతున్నాయి.

“మీ తెలివి వరండా దాకా వినపడుతోంది సర్,” అంది. “ప్రాణాలకు తెగించి తెచ్చిస్తే సగం చెరిపేస్తారా? సిగ్గుండాలి!” లిప్‌స్టిక్ తిప్పింది. లోపల పెన్‌డ్రైవ్. “ఒరిజినల్ కాపీ. కానీ గద్దా, అందులో కిలోలనే నాలుగు రకాలుగా రాసి చచ్చారు.”

“రాయనీ. విడదీద్దాం.”

అంకె ఒక కాలమ్‌లోకి. దాని యూనిట్ పక్క కాలమ్‌లోకి. పౌండ్లు రాసినచోట కిలోలు కట్టి మూడో కాలమ్‌లోకి. ఒరిజినల్ కాలమ్ మీద చెయ్యి పడకుండా పక్కనే ఉంచాడు. వేళ్లు కీబోర్డును కొడుతున్నాయి, నోరు ముఠానీ చీఫ్‌నీ కలిపి తిడుతోంది. పది నలభైకి మూడు వందల అయిదు పెట్టెలు తూకంతో అచ్చంగా కలిశాయి.

ఏడు మిగిలాయి. వాటికి యూనిటే రాయలేదు.

“కిలోలే అనుకో,” అన్నాడు చీఫ్.

“అనుకోను! తెలియనిదాన్ని తెలియదనే ఉంచాలి. ఇంతదాకా వచ్చింది మీ అనుకోవడాల వల్లే.”

ఒక్కో అంకెనూ కిలోలుగా ఒకసారి, పౌండ్లుగా ఒకసారి తూకంతో పోల్చాడు. ఆరు ఏదో ఒక లెక్కకు సరిపోయాయి. రెండు వందల ఏడో పెట్టె మాత్రం మొరాయించింది. లిస్టులో నలభై నాలుగు. కిలోలైతే నలభై నాలుగు రావాలి, పౌండ్లైతే ఇరవై. తూకంలో ముప్ఫై ఒకటి.

“రెండు వందల ఏడు!” గద్ద గోడౌన్‌లోకి అరుస్తూ పరిగెత్తాడు.

ఆ పెట్టె అట్టడుగున ఉంది. పైవన్నీ ఒక్కొక్కటిగా దించి దాన్ని బయటికి లాగేసరికి పది యాభై నాలుగు. బాంబ్ స్క్వాడ్ అతను మూత తీశాడు. మందు సీసాల కింద ఎర్ర అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. అతను పెదవి కొరుక్కుంటూ ఒక తీగ కత్తిరించాడు, మరోటి వదిలేశాడు, దాని కిందిది కత్తిరించాడు. అంకెలు నాలుగు సెకన్ల దగ్గర ఆగిపోయాయి.

గద్ద నేల మీదే కూలబడ్డాడు. కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నెమలి పక్కన కూర్చుంది.

మెట్ల మీంచి నర్సు కేకేసింది. “ఏమండీ, మీ చెల్లెలు క్షేమం! మేనకోడలు పుట్టింది. బరువు మూడు పాయింట్ రెండు!”

గద్ద కళ్లు తుడుచుకుంటూనే లేచి గర్జించాడు.

“మూడు పాయింట్ రెండు ఏంటమ్మా?”