ఆరో నంబరు దీపం

మేము బూర్గంపాడు అవతల కొత్త ఇల్లు కట్టుకున్నది ఎనభై ఏడులో. వెనక కంచె దాటితే అడివే. ఆరు గదులు. ఒక మూల నుంచి పిలిస్తే ఇంకో మూలకి వినపడదు. అందుకని మా ఆయన వెంకటరామారావు, కొత్తగూడెం నుంచి కరెంటు పని చేసే బషీర్‌ని పిలిపించాడు.

బషీర్ వసారాలో రెండు అట్టపెట్టెలు విప్పాడు. ఒకదాంట్లో గదిగదికీ మాట్లాడుకునే ఫోన్లు. రెండోదాంట్లో చెక్క బోర్డు. దాని మీద వరసగా ఆరు చిన్న ఎర్ర దీపాలు, కింద అంకెలు. ఏ గదిలో మీట నొక్కితే వంటింట్లో ఆ నంబరు దీపం వెలుగుతుంది, బర్రుమని మోగుతుంది. రెండింట్లో ఏది బిగించమంటారని అడిగాడు.

మగాళ్ల మధ్య నోరు తెరిచేదాన్ని కాదు నేను. ఆ రోజు మాత్రం తలుపు చాటు నుంచి అన్నాను.

"బోర్డే పెట్టించండి. అత్తయ్య ఫోను ఎత్తలేదు. మీటయితే నొక్కుద్ది."

మా అత్తయ్య బుల్లెమ్మ తుంటి విరిగి మంచాన పడి ఏడాది. గొంతు కూడా పిట్టగొంతయిపోయింది.

"అబ్బో! మా ఆవిడ ఇంజనీరమ్మ అయిందయ్యోయ్ బషీరూ!" అని నవ్వాడు మా ఆయన. అయినా బోర్డే పెట్టించాడు. అత్తయ్యది వెనక గది, ఆరో నంబరు. మంచం పక్కనే గోడకి తెల్ల మీట. పని అయ్యాక బషీర్ ఒక్కో గదిలో నొక్కి చూపించాడు. అయిదు గదులు అయ్యేసరికి మా ఆయన "చాల్లేవయ్యా, బస్సు పోద్ది" అన్నాడు.

అత్తయ్య చిన్నపిల్లలా సంబరపడింది. "ఇక అరిచి చావక్కర్లేదే అమ్మాయ్."

ఒకటో నంబరు మా ఆయన గది. అది రోజుకి ఇరవైసార్లు మోగేది. కాఫీ. కళ్లజోడు. సిగరెట్టు పెట్టె. నాలుగు నెలల్లో ఆరో నంబరు ఒక్కసారీ వెలగలేదు. నేనే మధ్యమధ్య వెళ్లి చూసొచ్చేదాన్ని. ఒక్కోసారి పక్కంతా తడిసి ఉండేది.

"నొక్కలేదేం అత్తయ్యా?"

"నొక్కాను."

"వెలగలేదే మరి."

"నొక్కానే. నువ్వే రాలేదు."

మా ఆయనతో చెప్తే, "మతి పోయిందిలే ముసలిదానికి" అన్నాడు. నేనూ అదే నమ్మాను. నమ్మితే నాకూ సులువు. రాను రాను అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. నేను పెట్టిన ముద్ద మింగేది, మొహం గోడవైపు తిప్పుకునేది.

శ్రావణంలో ఒక రోజు పొద్దుటి నుంచీ ఒకటే వాన. మా ఆయన మణుగూరు పోయాడు. దీపాలవేళ కరెంటు పోయింది. వంటింట్లో అగ్గిపెట్టె కోసం తడుముతున్నాను. తడికట్టెల పొగ. కిటికీలోంచి అడివి వాసన, నానిన ఆకుల కుళ్లు. కంచె దగ్గర కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి.

ఉన్నట్టుండి అన్నీ ఆగిపోయాయి.

గోడ ఎర్రబడింది.

తల తిప్పి చూశాను... ఆరో నంబరు.

కరెంటు లేదు. ఇల్లంతా చీకటి. అదొక్కటే వెలుగుతోంది. మోగలేదు... వెలుగు తగ్గుతోంది, పెరుగుతోంది. ఊపిరి తీసినట్టు... వదిలినట్టు...

"వస్తున్నానత్తయ్యా" అన్నాను. నాకే వినపడలేదు. వెనక గది ఎంత దూరం? ఇరవై అడుగులు. పోవాలి. ఆ ఎర్ర వెలుగు దాటి ఆ చీకట్లోకి పోలేకపోయాను. గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు.

కరెంటు వచ్చింది. ఇల్లంతా భగ్గున వెలిగింది.

ఆరో నంబరు ఆరిపోయింది.

అప్పుడు పరుగెత్తాను. అత్తయ్య ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. వేలు మీట మీదే ఉంది.

అత్తయ్య పోయిన నక్షత్రం మంచిది కాదు, మూణ్ణెల్లు ఆ గది మూసెయ్యమన్నారు పంతులుగారు. తాళం వేశాం. గడువు తీరి తాళం తీసిన రోజు, ఆ వైరు పీకించండని మా ఆయన్ని బతిమాలుకున్నాను. మర్నాడు ఆయన పొలం పోయినప్పుడు బషీర్ వచ్చాడు. వంటింట్లో బోర్డు విప్పి, నా మొహంలోకి చూశాడు.

"ఏం వైరమ్మా? ఆరుకి వైరే లేదు గద."

"ఏంటి బషీరూ?"

"సారే వద్దన్నడు. మా అమ్మ ఊకె నొక్కి సతాయిస్తది, ఉత్త మీట బిగించు, వైరు కలపకు అన్నడు. మీకు ఎర్కలేదా అమ్మా?"

బోర్డు ఉన్నదున్నట్టు మూసెయ్యమన్నాను. మా ఆయన్ని ఏమీ అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు. నువ్వే రాలేదు అన్న మాట మాత్రం రోజూ అన్నంలో రాయిలా తగిలేది. ఆ తల్లి నేనే రాలేదనుకుని పోయింది. దీపం వెలిగిన ఆ ఒక్కసారీ నేను నిజంగానే పోలేదు.

తొమ్మిదేళ్లకి మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. మాట పోయింది. వంటింటికి దగ్గర, మెట్లు లేని గది అత్తయ్య గదొక్కటే. మంచం కూడా అదే చోట వేశాం. పడిపోయిన చెయ్యి గోడవైపు. రెండోది గోడకి అందదు.

ఇప్పుడు రోజూ దీపాలవేళ ఆరో నంబరు వెలుగుతుంది.

నేను భయపడటం మానేశాను. బియ్యం ఏరుతుంటే ఏరడం అయ్యాకే లేస్తాను. చెయ్యి కడుక్కుంటాను. నిదానంగా పోతాను.

తలుపు తీసేసరికి ఆయన కళ్లు పెద్దవి చేసి చూస్తుంటాడు. నన్ను కాదు... మంచానికీ గోడకీ మధ్య ఉన్న ఆ జానెడు సందుని.

అక్కడ ఎవరూ ఉండరు. తెల్ల మీట మాత్రం లోపలికి నొక్కుకుని ఉంటుంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తుండగా, మెల్లగా... పైకి లేస్తుంది.