కోల్బీని దించిన సాయంత్రం

క్లామత్ నది అవతలి కొండవాలులో ఉన్న ఆ రెడ్‌వుడ్ చెట్టు దగ్గరికి హెస్టర్, ఆమె తమ్ముడు కోల్బీ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. నవంబరు ఆదివారం. ఊళ్లో వాళ్లంతా చేపలు పట్టడానికి పోతే వీళ్లిద్దరికీ చెట్లెక్కడం సరదా. ఎవడి పిచ్చి వాడికానందం మరి! ఆ చెట్టు మొదలు చుట్టి రావాలంటే ఇరవై అంగలు వెయ్యాలి. అవతల మనిషి నిలబడ్డా ఇవతలికి కనపడడు.

మనిషెత్తు కర్రకు బిగించిన ఉండేలుతో కోల్బీ సీసపు గుళ్ల సంచిని పైకి కొట్టాడు. దాని వెంట సన్నదారం రివ్వున పోయింది. నాలుగోసారికి గానీ రెండొందల అడుగుల ఎత్తున ఉన్న కొమ్మ దాటి పడలేదు. దారానికి తాడు కట్టి లాగారు. హెస్టర్ ఎక్కడానికని చెట్టు అవతలి వైపు ఇంకో తాడు వేశారు. కొమ్మ ఆగుతుందో లేదో చూడ్డానికి ఇద్దరూ ఒకేసారి తాడుకు వేలాడారు.

"నీ ఒక్కదాని బరువు చాలక్కా, మధ్యలో నేనెందుకు దండగ!" అన్నాడు కోల్బీ.

"నోరు మూసుకుని ఎక్కరా, కోతీ. ఇవాళ నా మోకాలు మాట వినేలా లేదు. నేను కిందే ఉంటా."

కోల్బీ పైకెక్కిపోయాడు. తాడు రెండో కొస చెట్టు మొదట్లో బ్రేకుకు బిగించి ఉంటుంది. పైవాడు మూడుసార్లు లాగితే కిందివాళ్లు బ్రేకు పిడి నొక్కి దించాలి. పిడి వదిలితే తాడు ఆగిపోతుంది. అమ్మ పోయేనాటికి కోల్బీకి ఆరేళ్లు. వాణ్ని పెంచింది హెస్టరే. అందుకే వాడు పైన ఉన్నంతసేపూ ఆమె చెయ్యి పిడి మీదే ఉంటుంది.

నాలుగింటికి సముద్రం మీంచి పొగమంచు వచ్చింది. ముందు పైకొమ్మలు కనపడకుండా పోయాయి, తర్వాత తాడు కూడా తలకు కాస్త పైనే మాయమైంది. తడిసిన బెరడు వాసన, కుళ్లిన ఆకుల వాసన. ఎక్కడో టప్... టప్ మని చినుకులు రాలుతున్నాయి. హెస్టర్ రెండుసార్లు కేకేసింది. వెలుతురు తగ్గిపోతోంది.

తాడు కదిలింది. ఒకటి... రెండు... మూడు.

హమ్మయ్య అనుకుని పిడి నొక్కింది. తాడు బరువుగా జారసాగింది.

"అక్కా."

గొంతు పక్కనుంచి వచ్చింది. మానును ఆనుకుంటూ కోల్బీ వచ్చి నిలబడ్డాడు. ఆ మసకలో వాడి ఆకారమే తెలుస్తోంది.

"ఎవర్ని దించుతున్నావ్?" అన్నాడు గుసగుసగా.

పిడి మీంచి ఆమె చెయ్యి జారింది. తాడు ఆగిపోయింది.

"నువ్వు... ఎలా దిగావురా?"

"అవతలి తాడు మీద. పైన ఎవరో ఉన్నారక్కా. నన్ను పేరు పెట్టి పిలిచారు. నీ గొంతుతో."

అప్పుడు పైనుంచి, మంచులోంచి...

"అక్కా, ఆపేశావేం? కాళ్లు మొద్దుబారిపోతున్నాయ్..."

అదీ కోల్బీ గొంతే.

పక్కనున్నవాడు ఆమె చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "దించొద్దక్కా. నీకు దణ్ణం పెడతా. పోదాం పద."

హెస్టర్‌కు ఏడుపొచ్చింది. నడుంపట్టీలో కదలకుండా వేలాడేవాడికి కాళ్లలో రక్తం ఆగిపోతుంది. అరగంటలో ప్రాణం పోవచ్చు. నేల మీదున్నవాడు తన కాళ్ల మీద తను నిలబడ్డాడు. తాడు మీదున్నవాడికి తను తప్ప ఎవరున్నారు?

పిడి నొక్కింది.

"అయ్యో... అక్కా!" పట్టు వదిలింది. ఫెర్న్ పొదల్లో అడుగుల చప్పుడు పరుగు పరుగున దూరమైపోయింది.

మంచులోంచి బూట్లు దిగాయి. మోకాళ్లు. తర్వాత ముఖం. కోల్బీ ముఖమే.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నాడు నీరసంగా.

"నా తండ్రే!" అని వాణ్ని వాటేసుకుని ఏడ్చేసింది. తాళ్లు అక్కడే వదిలేసి, వాణ్ని నడిపించుకుంటూ ట్రక్కు దాకా తీసుకొచ్చింది.

అడవి దాటాక మొదటి పెట్రోలు బంకు దీపాల వెలుగు ట్రక్కులో పడింది. కోల్బీ పక్క సీట్లో నిద్రపోతున్నాడు. హెస్టర్ వాడివంక చూసింది. రెడ్‌వుడ్ ఎక్కి దిగినవాడు ఎవడైనా నెత్తి నుంచి పాదాల దాకా ఎర్రటి బెరడు పొడిలో మునిగి తేలతాడు. రెండుసార్లు రుద్దుకున్నా గోళ్లలోంచి పోదు. ఒళ్లో పెట్టుకున్న వాడి చేతులు ఇప్పుడే కడుక్కున్నంత శుభ్రంగా ఉన్నాయి.

ఆమె తన చొక్కా చెయ్యి చూసుకుంది. నాలుగు వేళ్ల ముద్రలు. ఎర్రటి బెరడు పొడి, ఇంకా తడిగా.

ట్రక్కు పక్కకు తీసి ఆపింది. గేరు మీద చెయ్యి వేసింది.

"వెనక్కి తిప్పకక్కా," అన్నాడు వాడు, కళ్లు తెరవకుండానే. "నీ గొంతు విని ఈపాటికి వాడు పైకి చేరి ఉంటాడు."